హాంకాంగ్‌లో నాలుగు రాత్రులు: ఎక్కడ దిగితే మేలు?

ప్రశ్న: మాది హన్మకొండ నయీంనగర్. నేను సర్కారు బడిలో టీచర్‌ని, మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. దసరా సెలవుల్లో ఇద్దరు పిల్లల్ని, మా అత్తమ్మను తీసుకుని ఐదు రాత్రులకు హాంకాంగ్ పోదామనుకుంటున్నాం. పిల్లలకు 14, 9 ఏళ్లు. అత్తమ్మకు 66, బీపీ, మోకాళ్ల నొప్పులు. మొత్తం 3,60,000 అవుతుందని లెక్క వేశాం. ఆర్డీలో 2,80,000 ఉంది, నెలకు 25,000 మిగులుతోంది. మిగతా దానికి 5 లక్షల చిట్టీ లేపుదామని మా ఆయన అంటున్నారు, ఈ నెల పాట 80,000 దగ్గర ఆగింది. ఉండే చోటు గురించి మాత్రం ఇంట్లో తలో మాట. చంగ్‌కింగ్ మాన్షన్స్‌లో రెండు చిన్న గదులు 42,000. మాంగ్ కాక్‌లో ఒక ఫ్లాట్ మొత్తం 36,000కే యాప్‌లో కనిపిస్తోంది. చౌరస్తాలోని ఏజెంట్ చుయెన్ వాన్‌లో రెండు గదులు 66,000 అంటున్నాడు. నాకు నచ్చిన హోటల్ జోర్డాన్ స్టేషన్ పక్కన ఉంది కానీ రెండు గదులకు 96,000. ముప్పై వేలు ఎక్కువ పెట్టడం తప్పా?

జవాబు: తప్పు కాదు. జోర్డాన్‌లోనే దిగండి. కాకపోతే ఒక రాత్రి తగ్గించుకోండి, చిట్టీ జోలికి పోకండి, ప్రయాణాన్ని వీలైతే సంక్రాంతి సెలవులకు జరపండి. ఎందుకో లెక్కతో సహా చెప్తాను. లెక్క సులువుగా ఉండటానికి హాంకాంగ్ డాలరును 12 రూపాయలుగా తీసుకుంటున్నాను.

మీరు చూసిన నాలుగు చోట్లలో మూడు, హాంకాంగ్‌లోని కౌలూన్ అనే భాగంలో పోయే నేథన్ రోడ్ అనే పెద్ద రోడ్డు చుట్టుపక్కలవే. కౌలూన్‌కు దక్షిణపు కొసన, సముద్రం ఒడ్డున చిమ్ షా చోయ్. చంగ్‌కింగ్ మాన్షన్స్ ఉన్నది అక్కడే. దాని పైన జోర్డాన్, ఆ పైన యావ్ మా టే, ఆ తర్వాత మాంగ్ కాక్. అన్నీ ఒకే మెట్రో లైను మీద వరుస స్టేషన్లు. చుయెన్ వాన్ అదే లైనుకు ఆఖరి స్టేషన్. మాంగ్ కాక్‌లో చదరపు కిలోమీటరుకు లక్షకు పైగా జనం ఉంటారు. మన గ్రేటర్ వరంగల్ నాలుగు వందల చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది, 2011 లెక్కల్లో జనాభా ఎనిమిది లక్షల పైచిలుకు, అంటే చదరపు కిలోమీటరుకు రెండు వేలు. అంత ఒత్తిడి ఉన్న పేటలో అద్దెను నడిపేది జాగా ధరే. కాబట్టి మీరు ఎక్కువ ఇచ్చే ప్రతి రూపాయికీ వచ్చేది స్టేషన్‌కు దగ్గరతనం, పనిచేసే లిఫ్టు, మధ్యాహ్నం వెనక్కి వచ్చి నడుం వాల్చే వీలు. పెద్ద గది వస్తుందని ఆశపడొద్దు.

మీరు పంపిన జోర్డాన్ హోటల్ పేజీలో గది 120 చదరపు అడుగులు అని ఉంది. అది బాత్రూమ్‌ను కలుపుకుని చెప్పే కొలత. అలాంటి గదిలో మంచం మూడు వైపులా గోడలకు ఆనుకుని ఉంటుంది, గోడ వైపు పడుకున్న మనిషి రాత్రి లేవాలంటే పక్కవాళ్లను దాటుకుని రావాలి. ఒక సూట్‌కేసు నేల మీద తెరిస్తే రెండోది తెరవడానికి చోటుండదు. 'డబుల్' అని రాసిన మంచం నాలుగడుగుల వెడల్పే ఉండొచ్చు, అందుకే సెంటీమీటర్లలో ఎంతో చూడండి. మీరు ఐదుగురు కాబట్టి ఒకటి మూడు మంచాల గది, ఒకటి రెండు విడి మంచాల గది అడగండి. రెండూ ఒకే అంతస్తులో కావాలని మెయిల్‌లో రాయించుకోండి. అత్తమ్మకు బాత్రూమ్ పక్క మంచం. గదికి కిటికీ ఉందో లేదో కూడా అడగాలి, చవక గదులు కొన్నింటికి ఉండదు.

ఇప్పుడు మాంగ్ కాక్ ఫ్లాట్. 36,000కే ఇల్లంతా అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ హాంకాంగ్‌లో వరుసగా 28 రోజుల కన్నా తక్కువకు ఎవరికైనా బస ఇవ్వాలంటే హోటల్ లేదా గెస్ట్‌హౌస్ లైసెన్సు ఉండాలి. మామూలు అపార్ట్‌మెంట్‌లో ఐదు రాత్రులకు ఇచ్చే ఫ్లాట్‌కు ఆ లైసెన్సు ఉండటం అరుదు. లైసెన్సు లేనిది ఆఖరి నిమిషంలో రద్దయిందంటే రాత్రికి రాత్రి ఐదుగురికి గదులు వెతుక్కోవాలి, ఆ రేటు ఏ యాప్‌లోనూ చవకగా దొరకదు. డబ్బు ఒక్కటే కాదు. 2024 ఏప్రిల్‌లో జోర్డాన్‌లోనే న్యూ లక్కీ హౌస్ అనే పాత భవనంలో మంటలు లేచి ఐదుగురు చనిపోయారు. ఇళ్లు, గెస్ట్‌హౌస్‌లు కలిసి ఉన్న భవనం అది. లైసెన్సు ఇచ్చేటప్పుడు అగ్నిమాపక ఏర్పాట్లు చూస్తారు. హాంకాంగ్ ప్రభుత్వ హోం అఫైర్స్ శాఖ లైసెన్సు ఉన్న హోటళ్లు, గెస్ట్‌హౌస్‌ల జాబితాను ఆన్‌లైన్‌లో పెట్టింది. జోర్డాన్ హోటల్ అయినా సరే, అందులో పేరు, అడ్రసు, అంతస్తుతో సహా సరిపోతేనే డబ్బు కట్టండి. ఫ్లాట్‌ను మాత్రం పూర్తిగా వదిలేయండి.

చంగ్‌కింగ్ మాన్షన్స్‌ను నేను తీసిపారేయను. 1961లో కట్టిన 17 అంతస్తుల భవనం అది, లైసెన్సు ఉన్న గెస్ట్‌హౌస్‌లు అందులో చాలానే ఉన్నాయి, ఒంటరిగా పోయే కుర్రాళ్లకు పైసా వసూల్. కానీ ఐదు బ్లాకుల్లో ఒక్కో బ్లాకుకు రెండేసి చిన్న లిఫ్టులు, పొద్దునా సాయంత్రం వాటి ముందు లైను. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఆ లైనులో రోజుకు నాలుగుసార్లు నిలబెట్టడం నాకు మనసొప్పదు. అక్కడికి తినడానికి వెళ్లండి. మన భోజనం, రొట్టెలు దొరుకుతాయి. డబ్బు మార్చుకోవాలన్నా గుమ్మంలోని కౌంటర్ల కన్నా లోపలి దుకాణాల్లో మంచి రేటు వస్తుంది, రెండు మూడు చోట్ల అడిగి చూడండి.

అసలు పోటీ చుయెన్ వాన్‌కూ జోర్డాన్‌కూ మధ్యే. 2025 జనవరి 1 నుంచి హాంకాంగ్‌లో హోటల్ గదులపై 3 శాతం పన్ను మళ్లీ వేస్తున్నారు. అది కలిపితే చుయెన్ వాన్ ఐదు రాత్రులకు 67,980, జోర్డాన్ 98,880. తేడా 30,900. చాలా హోటళ్లు 10 శాతం సర్వీస్ చార్జీ కూడా విడిగా వేస్తాయి కాబట్టి మీకు చెప్పిన రేట్లలో అది కలిసి ఉందో లేదో రెండు చోట్లా అడగండి.

ఇక చుయెన్ వాన్ నుంచి సముద్రం ఒడ్డుకు రైల్లో అరగంట. టికెట్ పోనూ రానూ పెద్దవాళ్లకు 25 హాంకాంగ్ డాలర్ల చుట్టుపక్కల అనుకోండి, 12 ఏళ్ల లోపు పిల్లలకు సగం. మీ పెద్దబ్బాయికి పెద్దవాళ్ల టికెట్టే. రోజుకు 112 డాలర్ల లెక్కన ఐదు రోజులకు 6,720 రూపాయలు. జోర్డాన్‌లో ఉన్నా రైలెక్కక తప్పదు, అందుకని ఇందులో సగమే అదనపు ఖర్చు కింద వేస్తున్నాను. రాత్రి తొమ్మిదింటికి అలసిపోయిన అత్తమ్మను రైల్లో అరగంట నిలబెట్టి తీసుకుపోలేరు, మీలో ఒకరు ఆమెను టాక్సీలో తీసుకుపోతారు. అంత దూరానికి మీటరు వంద డాలర్లు దాటుతుంది. 130 వేసుకుంటే ఐదు రాత్రులకు 7,800. రెండూ కలిపితే పదకొండు వేల పైచిలుకు. అంటే ఏజెంట్ హోటల్ అసలు ధర 79,000.

జోర్డాన్‌లో నాలుగు రాత్రులకు పన్నుతో కలిపి 79,104.

సరికి సరి. ఒక రాత్రి తగ్గించినందుకు ఒక రోజు తిండి ఖర్చు కూడా మిగులుతుంది. చుయెన్ వాన్‌లో ఐదు రోజులుంటే మధ్యాహ్నం గదికి రావడం కుదరదు కాబట్టి అత్తమ్మ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా బయటే. రెండో రోజుకల్లా ఆమె 'మీరు పోయి రండి, నేను గదిలోనే ఉంటా' అంటారు. అంత ఖర్చు పెట్టి తీసుకుపోయి ఆమెను గదిలో వదిలేయడం కన్నా నాలుగు రోజులు అందరూ కలిసి తిరగడం మేలు. జోర్డాన్ నుంచి చిమ్ షా చోయ్ ఒక్క స్టేషన్. స్టార్ ఫెర్రీ, సముద్రం ఒడ్డు, టెంపుల్ స్ట్రీట్ రాత్రి బజారు అన్నీ దగ్గరే. భోజనం చేసి గదికొచ్చి రెండు గంటలు పడుకుని సాయంత్రం మళ్లీ బయల్దేరవచ్చు.

చుయెన్ వాన్‌కు అన్యాయం చేయకూడదు. డిస్నీల్యాండ్, పెద్ద బుద్ధ విగ్రహం ఉన్న లాంటావ్ దీవి వైపే ఎక్కువ రోజులు గడిపే కుటుంబానికి అది మంచి చోటు, ఆ వైపు పోవడానికి జోర్డాన్ కన్నా దగ్గర. మీ జాబితాలో లాంటావ్ ఒక్క రోజే ఉంది. మాంగ్ కాక్‌లో లైసెన్సు ఉన్న హోటల్ దొరికితే అనే ఆలోచన మీ వారికి రావచ్చు. దొరుకుతాయి, ధర కాస్త తక్కువే ఉండొచ్చు. కానీ లేడీస్ మార్కెట్ పక్క వీధుల్లో రాత్రి పదకొండు దాకా సందడి తగ్గదు, పోర్ట్‌లాండ్ స్ట్రీట్ వైపు రాత్రి వాతావరణం పిల్లలతో, పెద్దావిడతో నడవడానికి ఇబ్బందిగా ఉంటుంది. పగలు వెళ్లి చూసి రండి.

గది తీసుకునే ముందు జోర్డాన్ స్టేషన్‌లో లిఫ్టు ఏ ఎగ్జిట్‌లో ఉందో మెట్రో వెబ్‌సైట్‌లో చూసి, అక్కడి నుంచి హోటల్ ఎంత దూరమో మ్యాపులో కొలవండి. 'స్టేషన్ పక్కనే' అని రాసినవి చాలావరకు మెట్లున్న ఎగ్జిట్‌కు పక్కన ఉంటాయి. భవనం గుమ్మం దగ్గర మెట్లెన్ని, లిఫ్టు కింది నుంచే ఉందా అని మెయిల్‌లో అడగండి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఏ21 బస్సు నేథన్ రోడ్ మీదుగానే వస్తుంది, మనిషికి సుమారు 35 డాలర్లు. సామాన్లు పెట్టుకునే అరలుంటాయి. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు దాని కన్నా చాలా ఖరీదు, దిగాక మళ్లీ టాక్సీ ఎక్కాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా అద్దెను మార్చేస్తుంది. మేడారం జాతర వారంలో హన్మకొండ లాడ్జీల రేట్లు ఎట్లుంటాయో మీకు తెలుసు. చైనాలో అక్టోబర్ 1 నుంచి వారం రోజుల జాతీయ సెలవులు, ఆ నెలంతా గ్వాంగ్‌జౌలోనూ హాంకాంగ్‌లోనూ ట్రేడ్ ఫెయిర్లు. మన దసరా సెలవులు చాలా ఏళ్లు ఆ రద్దీ మీదనో దాని పక్కనో పడతాయి. పైగా సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఉండకుండా విమానం ఎక్కమంటే మీ అత్తమ్మ మనస్ఫూర్తిగా ఎక్కుతారా? సంక్రాంతి సెలవులైతే అక్కడ చలికాలం, పగలు పద్దెనిమిది డిగ్రీల చుట్టూ ఉంటుంది, నడవడానికి హాయి. చైనా కొత్త సంవత్సరం జనవరి 21కి ముందు రాదు కాబట్టి దాని రద్దీ తగలదు. జనవరి రెండో వారంలోనూ కొన్ని ఫెయిర్లుంటాయి, ఆ తేదీలు తప్పించి చూడండి. సెలవులు వారం అటూ ఇటూ కాబట్టి నాలుగు రాత్రులు సరిగ్గా సరిపోతాయి. దారిలో తినడానికి సకినాలు కూడా అప్పటికి సిద్ధం.

ఇక చిట్టీ. మీకు తక్కువ పడుతున్నది 80,000. దానికోసం ఇప్పుడు చిట్టీ పాడితే పోయేది 80,000. చేతికొచ్చే మిగతా మూడు లక్షల పైచిలుకుతో మీకిప్పుడు పనేమీ లేదు, అది ఖాతాలో ఉంటే ఏదో ఒకదానికి ఖర్చయిపోతుంది, వాయిదాలు మాత్రం ఆఖరిదాకా కట్టాలి. చిట్టీ చివరికి వచ్చేకొద్దీ పాట తగ్గుతుంది, పెద్దబ్బాయి ఇంటర్ ఫీజులకు అది పనికొస్తుంది. నెలకు 25,000 మిగులుతోందని రాశారు. దసరా నుంచి సంక్రాంతికి మూడు నెలల్లో 75,000. ఒక రాత్రి అద్దె, ఒక రోజు తిండి తగ్గడంతో లోటు అక్కడికక్కడే పూడుతుంది, అప్పూ లేదు, పాటా లేదు.

ఏజెంట్ దగ్గర ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటాడు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. జీతంలో టీడీఎస్ కోత ఉండి ఏటా రిటర్న్ వేసేది మీరే కాబట్టి మీ పాన్ ఇవ్వండి. హోటల్‌ను మీరే బుక్ చేస్తే కార్డు సంగతి చూసుకోండి. చాలా కార్డుల మీద విదేశీ మారకానికి 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. నాలుగు రాత్రుల అద్దె మీద అదే మూడు వేలు దాటుతుంది. ఆ చార్జీ లేని కార్డు ఉంటే అది వాడండి. మెషిన్ 'రూపాయల్లోనా, హాంకాంగ్ డాలర్లలోనా' అని అడిగితే డాలర్లే నొక్కండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో అత్తమ్మ బీపీ, మోకాళ్ల సంగతి దాచకుండా రాయండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. భారతీయులు 14 రోజుల లోపు సందర్శనకు హాంకాంగ్ పోవాలంటే ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు చేసుకోవాలి. రుసుము లేదు, పిల్లలకూ విడివిడిగా చేయాలి, వచ్చిన స్లిప్పు ప్రింటు తీసి పెట్టుకోవాలి. ఒక్కోసారి ఒకరిద్దరికి అది రాదు, అప్పుడు వాళ్లు వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. స్లిప్పు ఆరు నెలలు చెల్లుతుంది. ఐదుగురికీ అది చేతికి వచ్చాకే టికెట్లు, హోటల్ డబ్బు కట్టండి. హోటల్‌కు రద్దు చేసుకునే వీలున్న రేటే తీసుకోండి, రెండు మూడు వేలు ఎక్కువైనా సరే.