సింధుకు, బానిసల కథల మీద వీడియో చేస్తున్నావని విని

సింధూ బిడ్డా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల మీద తెలుగులో వీడియోలు మొదలుపెడుతున్నావట, మొదటి వీడియోనే ఫాంటసీ మాంగాలో బానిసత్వం గురించట. వింటున్నంతసేపు ఒళ్లు పొంగిపోయింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. తేలిక విషయం ఏదైనా తీసుకుని అలవాటు పడొచ్చు కదా అనుకున్నా. మళ్లీ నేనే, మా తమ్ముడి బిడ్డ తేలిక విషయం ఎందుకు తీసుకుంటుందిలే అనుకున్నా. ఇన్నేళ్లు హిస్టరీ పాఠాలు చెప్పినదాన్ని, ఆదివారం పుస్తక చర్చలు నడిపినదాన్ని, వేసవి సెలవుల్లో నువ్వు మా ఇంట్లో వదిలేసి పోయిన సంపుటాలతో మొదలుపెట్టి ఇప్పుడు నీకంటే ఎక్కువ మాంగా చదువుతున్నదాన్ని. కాబట్టి చెప్తా, విను.

చిన్న సంగతులు ముందు. మాట్లాడబోయే కథ మొత్తం చదువు, ముక్కలు చూసి మాట్లాడకు. మాంగాలో ఉన్నదీ, దాన్ని కార్టూన్ సీరియల్‌గా తీసిన అనిమేలో మారిందీ కలిపేయకు. కథ ముగింపు చెప్పేటట్టుంటే ముందే హెచ్చరించు. ఫ్యాన్ ఆపి రికార్డు చెయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

అసలు సంగతి ఏమిటంటే, బానిసలున్న కథలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. ఒక కథ బానిసత్వాన్ని శత్రువుగా చూపిస్తుంది. ఇంకొకటి హీరోకు తోడు దొరికే దారిగా వాడుకుంటుంది. రెండిటికీ ఒకే కొరడా తీస్తే మొదటి కథ పాఠకులు నిన్ను నమ్మరు, రెండో కథ పాఠకులు అసలు వినరు.

జనం ఎక్కువగా కొట్టుకునేది 'షీల్డ్ హీరో' మీద. 2012లో వెబ్ నవలగా, అంటే ఇంటర్నెట్‌లో భాగాలుగా వచ్చే నవలగా మొదలై, తర్వాత మాంగాగా వచ్చి, 2019 జనవరిలో అనిమే రాగానే గొడవ పెద్దదయింది. కథ నీకు తెలుసు. చేయని తప్పుకు నింద పడి, ఎవర్నీ నమ్మలేని స్థితిలో హీరో నవోఫుమి బానిసల వ్యాపారి దగ్గర రాఫ్తాలియాను కొంటాడు. రోగంతో దగ్గుతున్న చిన్నపిల్ల. యజమాని రక్తం కలిపిన సిరాతో ఆమె ఛాతీ మీద బానిస ముద్ర వేస్తారు, మాట వినకపోతే ఆ ముద్ర మంట పుట్టిస్తుంది. ఆ తర్వాత భోజనశాలలో ఇంకో పిల్ల తింటున్న పళ్లెం వైపు రాఫ్తాలియా ఆశగా చూస్తుంది. చిన్న జెండా గుచ్చి పెట్టిన పిల్లల భోజనం అది. నవోఫుమి అదే తెప్పించి పెడతాడు. ఆ జెండా దగ్గర నాకూ కళ్లు చెమర్చాయి. పాఠకుడు అతన్ని క్షమించేసేది కూడా అక్కడే. ఆ ప్రేమ నిజమే, అన్నమూ నిజమే. కానీ ముద్ర కూడా అలాగే ఉంది.

నువ్వు ఆపి చూపించాల్సిన చోటు ఇంకా ముందుంది. ద్వంద్వయుద్ధం తర్వాత రాజు ఆమె ముద్ర చెరిపిస్తాడు. ఆమెకు స్వేచ్ఛ వచ్చింది. అయినా తనంతట తానే ఆ వ్యాపారి గుడారానికి వెళ్లి మళ్లీ ముద్ర వేయమంటుంది, తన నమ్మకానికి గుర్తుగా. "ఆమే కోరుకుంది కదా, ఇంక తప్పేముంది" అని ఒక పక్షం. "ఆ కోరిక ఆమె నోట పెట్టింది రచయితే కదా" అని రెండో పక్షం. నేను రెండో పక్షమే. ఒక ఆడదాని అబద్ధంతో దెబ్బతిన్న హీరోకు మోసం చేయడానికి వీల్లేని ఆడపిల్లను కథ తోడిచ్చింది. ఆ వీల్లేకపోవడం పోయిన వెంటనే ఆమె చేతే దాన్ని తిరిగి అడిగించింది. ఇది నా తీర్పు, నీది వేరుగా ఉండొచ్చు. అయితే ఒక్కటి మాత్రం చెప్పు: ఆ కథ ఇష్టపడేవాళ్లు బానిసత్వాన్ని సమర్థించేవాళ్లని అనకు. వాళ్లలో సగం మంది ఒంటరి పిల్లలు. అందరూ వదిలేసిన వాడికి ఒక మనిషి దొరికిందన్న సంగతే వాళ్లకు ముఖ్యం. వాళ్లను తిట్టి ఏం సాధిస్తావు?

ఇలాంటి కథలు ఇన్ని ఎందుకొస్తాయో కూడా వివరించు. వెబ్ నవల వారంవారం పాఠకుణ్ణి పట్టి ఉంచాలి. వీడియో గేములో పార్టీలోకి మనుషుల్ని చేర్చుకున్నట్టు హీరోకు తోడు వెంటనే దొరకాలి. స్నేహం సంపాదించడానికి వంద పేజీలు పడుతుంది, సంతలో కొనడానికి రెండు పేజీలు చాలు. 'ముషొకు తెన్సెయి'లో హీరో రుడేయస్ స్నేహితుడితో కలిసి సంతకు పోయి జూలీ అనే మరుగుజ్జు జాతి చిన్నపిల్లను కొనడం చూశావుగా. బొమ్మలు చేయడం నేర్పడానికి కొన్నారు. ఇంటిపనికి మనిషిని కుదుర్చుకున్నంత మామూలుగా సాగిపోతుంది. నాకు షీల్డ్ హీరో కంటే ఆ మామూలుతనమే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంకోవైపు 'వన్ పీస్' పెట్టు. బానిసలను వేలం వేసే సబావోదీ వేలంశాల గురించి అందరూ మాట్లాడతారు, అక్కడ హీరో లుఫీ గుద్దిన గుద్దు గురించి ఇంకా ఎక్కువ మాట్లాడతారు. నువ్వు కొఆలా అనే చిన్నపిల్ల దగ్గర ఆగు. బానిసత్వం నుంచి బయటపడ్డ ఆ పిల్ల, బానిసలను విడిపించిన ఫిషర్ టైగర్ ఓడ ఎక్కి, ఎవరూ చెప్పకుండానే మోకాళ్ల మీద కూర్చుని డెక్ తుడుస్తుంది. ముఖం మీద నవ్వు చెరగదు. ఏడిస్తే చంపేస్తారని నేర్చుకుంది కాబట్టి నవ్వుతూనే ఉంటుంది. టైగర్ ఆమె వీపు మీది బానిస గుర్తును సూర్యుడి గుర్తుతో కప్పేస్తాడు. అదీ కాలిన గుర్తే, అదీ నొప్పే. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాదు. "బానిస నవ్వుతోంది కదా, సంతోషంగానే ఉంది కదా" అని నీ కామెంట్లలో ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. వాళ్లకు ఆ పేజీలు చూపించు.

'విన్లాండ్ సాగా' ఫాంటసీ కాదని నాకూ తెలుసు, 11వ శతాబ్దపు డెన్మార్క్ అది. అయినా దాన్ని వదలొద్దు. రచయిత యుకిమురా 2005లో మొదలుపెట్టి 2025లో ముగించిన ఆ కథలో పొలం భాగం రాగానే యుద్ధాలు లేవని చాలామంది విసుక్కున్నారు. నాకు మాత్రం అదే గుండెకాయ. థోర్ఫిన్, ఐనార్ అనే ఇద్దరు బానిసలు అడవి నరికి, మొద్దులు పెకలించి, గోధుమ వేసి స్వేచ్ఛ కొనుక్కోవాలి. యజమాని కెటిల్ మెత్తని మనిషి, చెయ్యెత్తడం చేతకాని మనిషి. మంచి యజమాని అని మనమూ నమ్మేస్తాం. తన పొలం రాజు పాలవుతుందన్న భయంతో ఇల్లు చేరిన రోజు, తన ఇంటి బానిస ఆర్న్‌హెయిడ్ భర్తతో పారిపోబోయిందని తెలిసి, గర్భిణి అని కూడా చూడకుండా ఆమెను కర్రతో చావబాదుతాడు. ఆ ముందురోజు దాకా అతని మంచితనం అబద్ధమేమీ కాదు. తన భయం తీర్చుకోవడానికి ఎదురు చెప్పలేని ఒళ్లు ఒకటి ఇంట్లో ఉంది, చట్టం దాన్ని అతని చేతిలో పెట్టింది. "హీరో మంచివాడు కాబట్టి అతని బానిస సుఖంగానే ఉంటుంది" అనేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఇది నువ్వు రెండుసార్లు చదువు.

చాలా ఏళ్ల కిందట హనుమకొండలో మా ఆదివారం చర్చల్లో ఒక మిత్రుడు మాట్లాడుతున్నాడు. గొప్ప చదువరి, మనసున్న మనిషి, ఇప్పుడు లేడు. ఆ రోజు పుస్తకం ఏదో విదేశీ నవల, అందులో దయగల యజమాని, నమ్మిన బానిస. మావాడు ఊపులో ఉన్నాడు. "కడుపునిండా పెట్టే దొర దొరికితే బానిసకు లోటేముంది" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. వెనక బెంచీలో డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు లేచాడు. ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. "మా తాత కూడా ఇట్లనే అనేటోడు సార్. మా దొర మంచోడు, పండుగకు బట్టలు పెట్టేటోడు అని. కానీ గడీ ముందు నుంచి పోవాల్నంటే చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేటోడు. గడీ కూలిపోయినంక కూడా, ముసలోడయినంక కూడా అట్లనే పట్టుకునేటోడు" అన్నాడు. వాళ్ల తాత దొర దగ్గర వెట్టి చేసినవాడు.

అప్పుడైనా మావాడు ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. "నేను కథ గురించి చెప్తున్నా బాబూ, మీ తాత గురించి కాదు" అన్నాడు. ఆ అబ్బాయి వాదించలేదు. సరే సార్ అని కూర్చున్నాడు. చర్చ అయ్యేదాకా మర్యాదగా ఉండి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. మావాడు తర్వాత చాలా బాధపడ్డాడు, ఆ అబ్బాయి కాలేజీకి కూడా వెళ్లి వాకబు చేశాడు, దొరకలేదు. మొదటి మాట నోరు జారిందే అనుకుందాం. రెండో మాటే ఆ పిల్లవాణ్ణి పంపేసింది. తన వాక్యాన్ని కాపాడుకోవాలన్న తొందరలో, ఆ పుస్తకం గురించి ఆ గదిలో అందరికంటే ఎక్కువ చెప్పగల మనిషి నోరు మూయించాడు.

నీ వీడియో తెలుగులో వస్తుంది బిడ్డా. వెట్టి చేసిన తాతల మనవలు చూస్తారు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చిన తర్వాత కూడా ఇటుక బట్టీల నుంచి కూలీలను విడిపించారన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం, ఆ ఇళ్ల పిల్లలూ ఫోన్లో మాంగా చదువుతారు. 'ఎప్పుడో పోయిన ఆచారం' అని మాత్రం అనకు. ఎవరైనా మా ఇంట్లో ఇట్లా జరిగిందని రాస్తే, నీ వాదనకు అడ్డొచ్చినా సరే, ముందు వాళ్లను చెప్పనివ్వు.

జపాన్‌లో బానిసత్వమే లేదు, అందుకే వాళ్లు ఇంత తేలిగ్గా గీస్తారు అనే మాట కూడా వినిపిస్తుంటుంది. తప్పు. జపాన్ మనుషుల్ని కొని ఓడల్లో తీసుకుపోతున్నారని 1587లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి పోర్చుగీసు పాద్రీలను నిలదీశాడు. అదే హిదెయోషి 1592లో కొరియా మీదికి సేనలు పంపితే, వాళ్లు పట్టుకొచ్చిన కొరియన్లు ఎందరో జపాన్‌లో బానిసలయ్యారు. 1872లో యొకొహామాలో మరియా లూజ్ అనే పెరూ ఓడ ఆగింది, అందులో చైనా కూలీలు. ఒకడు నీళ్లలో దూకి బ్రిటిష్ ఓడకు ఈదుకుపోవడంతో సంగతి బయటపడింది. జపాన్ అధికారులు విచారణ జరిపి కూలీలను విడిపించారు. విచారణలో ఓడ తరఫు లాయరు, మీ దేశంలో వేశ్యావాటికల్లో ఆడపిల్లల్ని అప్పుపత్రాలతో కట్టేయట్లేదా అని అడిగాడు. ఆ ఏడే ఆ ఆడవాళ్ల విడుదలకు ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమైపోయేవి. నువ్వు రెండు నిమిషాలు దీనికి కేటాయించు. అమెరికా పత్తి తోటలతో పోల్చి జపాన్ కథలను కొలిచేవాళ్లు ఎక్కువ, ఈ చరిత్ర తెలిసినవాళ్లు తక్కువ.

'అటాక్ ఆన్ టైటాన్'లో యిమిర్ గురించి మొదటి వీడియోలో మాట్లాడకు. బానిసపిల్ల రెండు వేల ఏళ్లు రాజవంశం మాట విన్నది ఎందుకంటే తనను వేటాడించిన రాజునే ప్రేమించింది కాబట్టి అని చివరి అధ్యాయంలో చెప్పగానే పాఠకులు నిలువునా చీలిపోయారు. అది ప్రేమా, దెబ్బలు తిన్న మనసు వేరే దారి లేక పట్టుకున్న ఊతమా అన్నది దానికదే ఒక వీడియో. దానికి నేనూ నీతో కూర్చుంటా.

ఇప్పుడు తిట్టాల్సినవి. ఆడపిల్ల ఇలాంటి విషయం మాట్లాడితే వచ్చే కామెంట్లు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు, నీకు ఇంకా తెలియదు. రాత్రి పన్నెండింటికి కూర్చుని జవాబులు రాశావో, నేనే బస్సెక్కి హైదరాబాద్ వస్తా. బూతులు వస్తే తీసెయ్, వాదన వస్తే తెల్లారాక చూడు. కాలేజీ పేరు, హాస్టల్ పేరు ఎక్కడా కనిపించనీయకు. పోయినసారి వచ్చినప్పుడు చిక్కిపోయి ఉన్నావు, ఎడిటింగ్ పేరు చెప్పి తిండి మానేశావంటే ఊరుకోను. ముఖం చూపించాలా వద్దా అని మీ నాన్న అడిగాడు. అది నీ ఇష్టం. నాకైతే నీ ముఖం చూస్తూ వినాలని ఉంది.

స్క్రిప్టు పూర్తయ్యాక నాకు పంపు, ఎర్ర పెన్ను వాడను. షీల్డ్ హీరో మీద నా మాట నచ్చకపోతే వీడియోలోనే ఖండించు, అత్తమ్మ అని మొహమాటపడకు. దసరాకు వచ్చేటప్పుడు 'మాగి' మిగతా సంపుటాలు మర్చిపోకుండా పట్టుకురా. అందులో బానిసపిల్ల మోర్జియానా సంకెళ్లు తెగిపోయాయి గానీ, తను పుట్టిన కతార్గ్ చేరిందో లేదో తెలియకుండా సగంలో ఆగిపోయాను.

నీ
అత్తమ్మ