సకినాల పని ఇంటిల్లిపాదికీ

ప్రశ్న: సంక్రాంతికి రెండు కిలోల బియ్యంతో సకినాలు చేస్తం. పనంతా అత్తమ్మ మీద, నా మీదనే పడుతది. పోయినేడు గట్టిగ వచ్చినయి, కొన్ని నూనెల విరిగినయి. ఎట్ల చేయాలె?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: బియ్యం రాత్రే నానబోయండి. పొద్దున వడగట్టి, బట్ట మీద పావుగంట ఆరబెట్టి, తడి ఉండగానే గిర్నికి పంపాలి. ఆ పని మీ ఆయనకు అప్పజెప్పండి. మీ సకినాలు గట్టిపడింది బహుశా ఇక్కడే: పొడిపిండి వాడినా, పట్టించిన పిండి ఆరిపోయినా అంతే. జల్లించగానే 300 గ్రాముల నువ్వులు, నాలుగు చెంచాల ఓమ, ఉప్పు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా కలపండి. పిండంతా ఒకేసారి కాదు, సగం సగం కలపండి. నువ్వుల్లో రాళ్లేరడం, ఉతికిన నూలుబట్ట పరవడం పిల్లలు చేస్తారు.

చుట్టడం మాత్రం చేయి తిరిగినవాళ్లదే, అత్తమ్మను అక్కడే కూర్చోనివ్వండి. బట్ట తడి పీల్చుకొని, సకినం విరగకుండా లేచిందంటే గోలించొచ్చు. చలికాలం గంటకు పైనే పడుతుంది. తొందరపడి తీస్తే విరుగుతాయి, మరీ ఎండితే పగుళ్లిస్తాయి. మంట మధ్యస్థంగా ఉంచి, నురగ తగ్గగానే, ఎర్రబడకముందే తీయండి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లే ఉండాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తండి, వేడి మీద మూతపెడితే మెత్తబడతాయి.