విప్పే ముందు విను, చిన్నా

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ బ్లూటూత్ స్పీకర్ గరగరలాడుతోందనీ, కొత్తది కొనుక్కోమంటే వద్దన్నావనీ, "పెద్దమ్మ అన్నేళ్లు చేసిన పని, నేను ఒక్కసారి చెయ్యలేనా" అన్నావనీ చెప్పింది. ఆ మాట విని చాలా సంతోషపడ్డాను. టీవీల ఫ్యాక్టరీలో సోల్డరింగ్ లైన్లో, అంటే లోహపు తీగ కరిగించి భాగాల్ని బోర్డుకి అతికే చోట చేరి చెకింగ్ సెక్షన్లో రిటైరయ్యాను. మన చుట్టాల్లో చాలామందికి నేను "ఏదో కంపెనీలో" పనిచేసిన మనిషినే. ఆ పనేంటో గుర్తుపెట్టుకున్నవాడివి నువ్వొక్కడివే.

తర్వాత మీ అమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఆదివారం గదిలో మంచం మీద కూర్చుని, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, చాకుతో స్పీకర్ ఊడదీస్తావట, ఏదో వీడియోలో చూశావట. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మామూలు పనులు నీకు తెలిసినవే. వేరే ఫోన్‌తో, వేరే పాటతో విను. ఈక్వలైజర్ తీసెయ్. ఫోన్లో వాల్యూమ్ ముప్పావు పైనే ఉంచి, స్పీకర్‌లో సగం పెట్టు. పెయిరింగ్ తీసేసి మళ్ళీ కలుపు.

వీటితో పోకపోతే ఆ శబ్దం ఏమిటో ముందు గుర్తుపట్టు. "చప్పుడొస్తోంది" అంటే సరిపోదు. మా చిన్నప్పుడు మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం పెడితే, ఆకాశంలో మెరిసినా, పక్కింట్లో మిక్సీ తిప్పినా రేడియో గరగరమనేది. అక్కడ పాట రేడియో అల బలంలోని హెచ్చుతగ్గులుగా వచ్చేది కాబట్టి ప్రతి నిప్పురవ్వా అందులో కలిసిపోయేది. బ్లూటూత్ అలా కాదు, పాటని అంకెలుగా మార్చి పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 79 చానళ్ల మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతూ పంపుతుంది. అదే చోట వైఫై రూటరూ ఉంటుంది, మైక్రోవేవ్ ఓవెనూ ఉంటుంది. అవి అడ్డుపడినా, ఫోన్‌కీ స్పీకర్‌కీ మధ్య మనిషి నిలబడినా కొన్ని అంకెలు చేరవు. అప్పుడు పాట తెగుతుంది, టక్కుమని ఆగి మళ్ళీ వస్తుంది. ఆగకుండా గరగరమనడం మాత్రం దాదాపుగా గాలిలోంచి వచ్చేది కాదు, అది పెట్టెలోనో చార్జర్‌లోనో ఉంటుంది. కాబట్టి పాట తెగుతుంటే ఫోన్ దగ్గరికి జరుపు, స్పీకర్ జోలికి పోకు.

గరగరే అయితే చార్జర్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి విను. చార్జర్ సంగతి ముందు పెట్టడానికి ఒక కారణం ఉంది. మీ పెదనాన్న కుడి బొటనవేలి మీద మచ్చ చూసి ఏమైందని నువ్వు అడిగేవాడివి, వంటింట్లో కాలిందని ఆయన అనేవారు. అది వంటింట్లో కాలలేదు.

ఆయన రిటైరైన కొత్తలో సాయంత్రాలు పాటలు వినడానికి చిన్న స్పీకర్ కొనుక్కున్నారు. కొన్నాళ్లకి గరగర మొదలైంది. నేను పెళ్ళికి ఊరెళ్ళాను. నేను టీవీలు విప్పుతుంటే ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూసిన మనిషి కదా, తనకీ వస్తుందనుకున్నారు. విప్పారు. కోన్, అంటే కదులుతూ శబ్దం చేసే గరాటులాంటి భాగం, పాడైందనుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి అదే సైజుది తెచ్చి వేశారు. చప్పుడు పోలేదు. అయితే బ్యాటరీయే అయి ఉంటుందనుకున్నారు. అది పల్చటి సంచీ రకం, కింద డబుల్ టేప్‌తో గట్టిగా అతుక్కుని ఉంది. చేత్తో రాలేదని స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తారు. ముందు సుయ్‌మంది, తెల్లటి పొగ వచ్చింది, వెంటనే మంట. కంగారులో దాన్ని చేత్తోనే బాల్కనీ వైపు విసిరారు. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పడి, అది అంటుకుంది. పక్కింటివాళ్ళు పొగ చూసి పరుగెత్తుకొచ్చారు. లేకపోతే కర్టెన్ పక్కనే ఉంది. తర్వాతేం జరిగేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

ఆ బ్యాటరీ లోపల రెండు లోహపు రేకులు, వాటి మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర. స్క్రూడ్రైవర్ ఆ పొరని చీల్చి రెండు రేకుల్నీ కలిపింది. లోపల నిల్వ ఉన్న శక్తంతా ఆ ఒక్క చోట వేడిగా మారింది, పైగా అందులో పోసిన ద్రవం మండే స్వభావం ఉన్నది. మా ఫ్యాక్టరీలో కలర్ పిక్చర్ ట్యూబ్ దగ్గర 25 వేల వోల్టులు ఉండేవి, అందరం భయంగా ఉండేవాళ్ళం. ఇక్కడ సగటున 3.7 వోల్టులే అని మీ పిల్లలకి భయం లేదు. వోల్టేజీ చిన్నదే నాన్నా. షార్టయితే అందులోంచి దూకే కరెంటు చిన్నది కాదు.

ఊరినుంచి వచ్చాక ఆయన వేలికి కట్టు మారుస్తూ అడిగాను, ఆ చప్పుడు ఎప్పుడెప్పుడు వచ్చేదని. ఆయన కుర్చీ పక్కనే ప్లగ్ ఉంది. ఎప్పుడూ చార్జర్ పెట్టే పాటలు వినేవారు. అదే చార్జర్‌ని వేరే స్పీకర్‌కి పెట్టి చూశాను. అదే గరగర, తీసేస్తే లేదు. దారిలో కొన్న చవక చార్జర్ అది, కరెంటుని శుభ్రంగా ఇవ్వడం లేదు. స్పీకర్‌కి అసలు ఏమీ కాలేదు చిన్నా. ఒక్క తీగ పీకి వింటే తేలిపోయే విషయం. ఇదంతా నీకు రాస్తానంటే ఆయనే రాయమన్నారు.

చార్జర్ తీసినా గరగర ఉంటే, పూర్తిగా చార్జింగ్ చేసి విను, సగం దిగాక మళ్ళీ విను. నిండుగా ఉన్నప్పుడు బాగుండి, దిగాక బేస్ కొట్టినప్పుడల్లా చిట్లుతుంటే బ్యాటరీ ముసలిదైంది. నిండుగా ఉంటే దాని వోల్టేజీ 4.2 ఉంటుంది. పాత బ్యాటరీ మీద డప్పు దెబ్బ పడగానే అది ఒక్కసారి కిందికి జారుతుంది, శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్ చిప్‌కి చాలదు, శబ్దం విరుగుతుంది.

తక్కువ వాల్యూమ్‌లో కూడా గీరినట్టు ఉంటే నాకు వేరే అనుమానం. దాన్ని భీమిలి బీచికి తీసుకెళ్ళావా? ఆ ఒడ్డున నల్ల ఇసుక ఉంటుంది, అందులో అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం ఉంటుంది. అది జాలీలోంచి దూరి కోన్ వెనక ఉండే తీగచుట్ట, కాయిల్, ముందుకీ వెనక్కీ కదిలే సందులో చేరితే ఊదినా పోదు, అయస్కాంతం వదలదు. విప్పాక కోన్‌ని రెండు వేళ్ళతో సమానంగా మెల్లగా నొక్కితే గీరుడు చేతికి తెలుస్తుంది. సెలోటేప్ జిగురువైపుతో అద్ది తీస్తే కొంత వస్తుంది. సందు లోపలికి వెళ్ళినదైతే స్పీకర్ మార్చడమే.

పెట్టెని వంచినా, వేలితో తట్టినా చప్పుడు వస్తూ పోతూ ఉంటే డ్రై సోల్డర్, అంటే సరిగ్గా పట్టని సోల్డర్ అతుకు. నేను ఉద్యోగమంతా వెతికింది దాన్నే. భూతద్దంలో చూడు, మెరవకుండా బూడిదరంగులో ఉండి, పిన్ను చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తుంది. ఎక్కువగా చార్జింగ్ సాకెట్ దగ్గరా, తీగతో పాట ఇచ్చే ఆక్స్ సాకెట్ దగ్గరా ఉంటుంది. రోజూ లాగి పీకేది అక్కడే కదా. అతుకు బాగా పట్టడానికి రాసే ఫ్లక్స్ కొంచెం పెట్టి మళ్ళీ కరిగిస్తే సరి. తగరం, సీసం కలిసిన మంచి సోల్డర్ తీగ 183 డిగ్రీలకే కరుగుతుంది, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు, రెండు మూడు సెకన్లకి మించి ఉంచకు. ఎక్కువసేపు ఉంచితే కింద బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది.

ఇంత విన్నాక కూడా విప్పాల్సిందే అయితే విప్పు, నేను వద్దనను. కానీ మంచం మీద కాదు, గచ్చు మీద, పగలు, పక్కన ఇంకొకరు ఉండగా. బ్యాటరీలో చార్జింగ్ ముందే బాగా దిగనీ. హెయిర్ డ్రయ్యర్ ముట్టుకోకు, బ్యాటరీకి వేడి తగలకూడదు. స్క్రూలు ఎక్కువగా రబ్బరు కాళ్ళ కింద దాక్కుని ఉంటాయి, చాకు బదులు పాత ఏటీఎం కార్డు వాడు. తెరవగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. దగ్గర్లో ఒక బకెట్ ఇసుక ఉండాలి. బ్యాటరీ అతుక్కుని ఉంటే అతుక్కునే ఉండనీ. ఏమాత్రం ఉబ్బి కనిపించినా అక్కడితో ఆపెయ్, నొక్కకు, చార్జింగ్ పెట్టకు, బయట గచ్చు మీద పెట్టి ఈ-వేస్ట్ తీసుకునే వాళ్ళకి కబురు చెయ్యి. పొగ వస్తే వస్తువు వదిలేసి బయటికి రా, 101కి ఫోన్ చెయ్యి. స్పీకర్ పోతే పోయింది, నువ్వు చేతులు పెట్టకు.

ఒకసారి విప్పాక స్పీకర్ నీళ్ళకి తట్టుకోదు, మళ్ళీ బీచికి తీసుకెళ్ళకు.

డ్రై సోల్డర్ అని తేలితే, చేతికి అలవాటు లేని పని అక్కడ ఒంటరిగా చెయ్యకు. బ్యాటరీ తీసే రకమైతే దాన్ని విడిగా ఉంచి, దసరాకి బోర్డు మాత్రం పట్టుకురా. భూతద్దం, ఐరన్ ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఇద్దరం కూర్చుని చేద్దాం. ఐరన్ నీకే ఇచ్చేస్తాను.

శనివారంలోగా ఆ చప్పుడుని ఫోన్లో రికార్డు చేసి పంపు. చార్జర్‌తో ఒకటి, లేకుండా ఒకటి, చార్జింగ్ నిండుగా ఒకటి, సగం దిగాక ఒకటి, తట్టుతూ ఒకటి. ఏది ఏదో పేరు చెప్పి పంపు. నేను విని ఫోన్ చేసేదాకా ఒక్క స్క్రూ కూడా కదపకు.

నీ పెద్దమ్మ