సమాధానం: కాశిమేడు పురుగు నీరిస్సా, పెరినీరిసా?

చెన్నై కాశిమేడు రేవు రాళ్ల మీద ఆల్చిప్పల సందుల్లో దొరికిన సముద్రపు పురుగు ఏ ప్రజాతిదో చెప్పమని ఫోటో పంపారు. దానికి నాలుగు కళ్లు, నాలుగు జతల మీసాలు ఉన్నాయన్నారు కాబట్టి నీరిడిడే కుటుంబమే అనుకోవచ్చు. ఇంటర్ జువాలజీలో మనం బొమ్మ గీసి గీసి విసిగిపోయిన నీరిస్ కుటుంబమే ఇది. ప్రజాతి తేలకపోవడానికి కారణం మీ ఫోటోలోనే ఉంది: గుర్తుపట్టడానికి కావాల్సిన పళ్లు తొండం (బయటికి తిరగబడే గొంతు) మీద ఉంటాయి, అది లోపలే ఉండిపోయింది. బతికున్న పురుగును నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే ఇదే తంటా.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. సన్నని కత్తెరతో కడుపు వైపు నుంచి గొంతు దాకా నిలువునా చీల్చి, సూదులతో విప్పి పరచండి. దవడల కింద నల్లటి చుక్కల్లాంటి పళ్లు కనిపిస్తాయి. తొండంలో నోటికి దగ్గరి భాగమైన నోటి వలయంలో పై పక్కల, అంటే పళ్ల స్థానాలకిచ్చిన అంకెల్లో 6వ ప్రాంతంలో చూడండి. అక్కడ అడ్డగీతలాంటి పలక పళ్లుంటే పెరినీరిస్. అన్నీ శంకువులే అయితే నీరిస్ వైపు వెళ్లండి. దువ్వెనలా సన్నని వరసలుంటే ప్లాటినీరిస్. అసలు పళ్లే లేకపోతే నమలికాస్టిస్ అనే ప్రజాతినీ చూడాలి, కాకపోతే అది ఎక్కువగా ఉప్పుటేరుల బురదలో ఉండే రకం.

పలక పన్ను పక్కకొక్కటే ఉందని వెంటనే పెరినీరిస్‌లోని "కల్ట్రిఫెరా" జాతి అని రాసేయకండి. 1840లో జర్మన్ జంతుశాస్త్రవేత్త గ్రూబె ఆ పేరు పెట్టింది ఇటలీలోని నేపుల్స్ పురుగుకు. పాత భారతీయ జాబితాల్లో యూరప్ పేర్లు ధారాళంగా వాడేశారు. ప్రస్తుతానికి ప్రజాతి దగ్గర ఆగడమే మేలు.

ఈసారి ముందు మెగ్నీషియం క్లోరైడ్ నీళ్లలో మత్తు ఎక్కించి, తల వెనక మెల్లగా నొక్కండి. తొండం దానంతటదే బయటికొస్తుంది.