పదమూడో ప్రశ్నకు జవాబు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. శాన్ హోసేలో ఉండే ఆ మొగుడూ పెళ్లాలు నాకు ఎక్కడో తగిలినవాళ్లలాగే ఉన్నారు. పొద్దున్నే ఒకరి కంట ఒకరు పడకుండా వంటింట్లోకి వచ్చి డికాక్షన్ పోసుకుపోవడం బాగా కుదిరింది. ఆ తర్వాత వాళ్లని కోర్టుకి లాక్కెళ్లి చెడగొట్టావు. లాయరమ్మ "డబ్బు ఎక్కడ దాచారు?" అని గద్దించడం, అతను చెమటలు కక్కి నిజం ఒప్పేసుకోవడం, అదంతా మన సినిమాల కోర్టు. కాలిఫోర్నియాలో చాలా విడాకులు విచారణ దాకా పోకుండానే రాజీలో తేలిపోతాయి. అసలు తతంగం రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ దగ్గర జరుగుతుంది. ఒక మనిషి, ఒక ఫారం, అంతే.

నేను అక్కడ కొన్నేళ్లు ఒక లాయరు ఆఫీసుకి తెలుగు కాగితాలు ఇంగ్లీషులోకి మార్చిపెట్టాను. పాసు పుస్తకాలు, వీలునామాలు, అన్నదమ్ముల వాట్సాప్ మెసేజీలు. ఆ చనువుతోనే ఇది రాస్తున్నాను.

ఆ ఫారంలో ఉండే ప్రశ్నల్ని ఇంటరాగేటరీలు అంటారు. ఒక పక్షం రాసి పంపిన ప్రశ్నలకి రెండో పక్షం 30 రోజుల్లో రాతలోనే, ప్రమాణం చేసి మరీ జవాబివ్వాలి. ప్రశ్నలు పోస్టులో వస్తే ఇంకో 5 రోజులు కలుస్తాయి. ఆ జవాబులు జడ్జి బల్ల మీదికి వాటంతటవి పోవు, అడిగినవాళ్ల దగ్గరే ఉంటాయి. నీ తొమ్మిదో పేజీలో "కోర్టుకి సమర్పించాడు" అన్నావు, అది మార్చు. ఇంకోటి, ఈ ప్రశ్నలు మొగుడికీ పెళ్లానికీ మాత్రమే. నువ్వు అత్తగారి చేత కూడా జవాబు రాయించావు. ఆవిడ కేసులో పార్టీ కాదు, ఆవిడని అడగాలంటే దారి వేరు.

విడాకుల కోసమే అచ్చేసిన ఫారం ఒకటుంది, ఎఫ్‌ఎల్-145. దాన్ని ఒకసారి కూర్చుని చదువు. జీతమెంత, ఇంట్లో నీతోపాటు ఎవరుంటున్నారు, పింఛను ఏముంది అని మామూలుగానే నడుస్తుంది. చివర 21వ ప్రశ్న దగ్గర నేను చదివిన మొదటిసారే ఆగిపోయాను. గత 24 నెలల్లో నీ భాగస్వామి సమ్మతి లేకుండా ఎవరెవరికి ఏ బహుమతులిచ్చావు, వాటి విలువెంత?

నీ కథలో రహస్యమంతా అతనికి ఇంకో అమ్మాయితో ఉన్న సంబంధం. కానీ ఆ రాష్ట్రంలో 1970 నుంచి విడాకులకి ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు. అతను ఎవరిని ప్రేమించాడో ఆ ఫారానికి అక్కర్లేదు, ఎవరికి ఏం కొనిచ్చాడో కావాలి. అయినా మనవాళ్ల విషయంలో ఆ గడిలో ప్రియురాళ్ల కంటే ఎక్కువగా వచ్చేవి తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు, మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి పెట్టిన గొలుసు. "సమ్మతి లేకుండా" అన్న మాట దగ్గర పెన్ను ఆగుతుంది. చెప్పాను కదా? చెప్పానా? విని ఊరుకుందంటే ఒప్పుకున్నట్టేనా? నీకు కావలసిన సీను అక్కడుంది. నువ్వేమో ప్రియురాలికి ముత్యాల హారం కొనిపించావు!

అచ్చు ఫారం చాలకపోతే లాయర్లు సొంత ప్రశ్నలు కూడా వేస్తారు. మామూలుగా 35 వరకు, అంతకు మించితే ఎందుకు కావాలో విడిగా రాసివ్వాలి. ఒక ప్రశ్నలో రెండు విషయాలు ఇరికించకూడదు. "ఎప్పుడు కొన్నావు, ఎవరి డబ్బుతో కొన్నావు" అని కలిపి అడిగితే అభ్యంతరం పెడతారు. నీ లాయరమ్మ డైలాగుల్లో ఒక్కోదాన్లో నాలుగేసి ప్రశ్నలున్నాయి. విడదీసి చూడు. ఒక్కొక్కటే విడిగా పడినప్పుడు ఎంత కఠినంగా వినిపిస్తుందో నీకే తెలుస్తుంది.

ఇక 13వ ప్రశ్న. వేరేవాళ్ల పేరు మీద ఉన్న ఆస్తిలో నీకు హక్కుగానీ, దాని మీద నీకు అదుపుగానీ ఉందా?

దీని గురించి ఒకటి చెప్తాను. ఊరూ పంటా మార్చేశాను, నువ్వు కూడా తెలిసినవాళ్ల కథ రాస్తే అదే చెయ్యి. ఒకాయన ఈ ప్రశ్నకి "లేదు" అని రాశాడు. తర్వాత బయటపడిన మెసేజీల్లో అన్నయ్యకి పంపింది ఒకటి ఉంది: "మన పొలం కౌలు వచ్చిందా?" పొలం అన్నయ్య పేరు మీద ఉంది. నేను "మన"ని ఇంగ్లీషులోకి మార్చి పంపించేశాను. మర్నాడు లాయరు ఫోన్ చేసి అడిగాడు, ఈ మాటలో ఎవరెవరున్నారని.

అప్పుడు వణుకు పుట్టింది నాకు. ఇంగ్లీషులో మా, మన రెండూ ఒకటే మాట. "మా పొలం" అనుంటే అన్నయ్య బయటివాడు, "మీ పొలం" అనుంటే ఇతను బయటివాడు. "మన" అన్నాడు కాబట్టి ఇద్దరూ ఉన్నట్టే. కానీ మన హైదరాబాద్ అంటాం, మన హీరో అంటాం, వాటిలో మనకి సెంటు భూమి రాదు. ఇంకో ఇంటి అబ్బాయిని కూడా "మనవాడే" అంటాం. ఇదంతా విడమరిచి రెండు పేజీలు రాసి పంపాను. లాయరు మూడు లైన్లు ఉంచుకుని మిగతాది కొట్టేశాడు. అవతలి పక్షానికి ఆ మూడు లైన్లే చాలాయి. వరసగా ప్రశ్నలు వచ్చాయి. కొన్న తేదీ. ఆ నెల నువ్వు ఇండియాకి పంపిన మొత్తం. ఏ ఖాతాకి. కౌలు ఎవరి ఖాతాలో పడుతోంది.

ఆ తమ్ముడు తన జవాబు సవరించుకున్నాడు, అక్కడి చట్టం దానికి ఒప్పుకుంటుంది. కొత్త జవాబు ఇలా ఉంది: కొన్నప్పుడు కొంత డబ్బు పంపాను, దాన్ని అప్పు అనుకున్నాను. అన్నయ్యకి ఈ మాట ఎలా తెలిసిందో నాకు తెలియదుగానీ తెలిసింది. చెల్లెలి పెళ్లి బాకీలన్నీ ఒక్కడే తీర్చినవాడాయన. తమ్ముడు డబ్బు పంపితే తన వంతు ఇస్తున్నాడనుకున్నాడట.

దాచినవాళ్ల సంగతంటావా? అక్కడే ఒకావిడకి 1996 డిసెంబరులో 13 లక్షల డాలర్లకు పైగా లాటరీ తగిలింది. మొగుడికి చెప్పకుండా వెంటనే విడాకులకి వేసింది, ఆస్తుల పట్టికలో రాయలేదు. రెండేళ్లు దాటాక, ఆవిడకి రావలసిన వ్యాపార ఉత్తరం ఒకటి మాజీ మొగుడి చేతిలో పడింది. కోర్టు ఆ సొమ్ము మొత్తం అతనికే ఇచ్చింది, 2001లో అప్పీలు కోర్టూ సరేనంది. నువ్వు మాత్రం ఇది వాడకు. కథలో పెడితే ఎవరూ నమ్మరు.

ఈ కథనే విజయవాడ ఫ్యామిలీ కోర్టుకి మారుస్తానంటున్నావు. మారిస్తే చాలా మారుతుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డర్‌లో కూడా ఈ ప్రశ్నలున్నాయి, కానీ ముందు కోర్టు అనుమతి కావాలి, జవాబుకి మామూలుగా 10 రోజులు. క్రూరత్వం, వ్యభిచారం వంటి కారణాలు మన దగ్గర ఇంకా నడుస్తున్నాయి కాబట్టి ఆ ప్రియురాలికి మళ్లీ ప్రాణం వస్తుంది. భరణం కేసుల్లో ఆస్తులూ అప్పులూ రెండు పక్షాలూ అఫిడవిట్‌లో చెప్పాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో రజనీష్, నేహ కేసులో ఆదేశించింది. నా మాట వింటే శాన్ హోసేలోనే ఉంచు. అక్కడ కూర్చుని ఇక్కడి పొలం గురించి ఇంగ్లీషులో జవాబు రాయడంలో ఉన్న ఇబ్బంది విజయవాడలో దొరకదు.

కోర్టు సీను మొత్తం తీసెయ్యి. అతను ముందు పెన్సిల్‌తో రాసుకున్న జవాబు ఒకటి, లాయరు దిద్దాక మిగిలింది ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాసి పంపు. అన్నయ్య ఫోన్ చేసే సీను మాత్రం తొందరపడి రాయకు. పండక్కి వస్తున్నావుగా, అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు