స్టార్మ్ లేక్ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. జె-1 వేవర్ వచ్చింది, అంటే డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే ఇండియా తిరిగి వెళ్ళక్కర్లేదన్న మినహాయింపు. ఉద్యోగం అయోవాలో స్టార్మ్ లేక్ అనే ఊళ్ళో, మూడేళ్ళు కదలడానికి లేదు. "అక్కడ ఏముంటుంది పెద్దమ్మా?" అని అడిగావు. ఏమీ ఉండదని నువ్వే తేల్చేసుకున్నట్టుంది ఆ గొంతు. 1988లో మీ పెదనాన్న నన్ను అయోవా తీసుకొచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. తెనాలిలో మేడెక్కితే పక్కింటివాళ్ళు ఏం వండుతున్నారో తెలిసిపోయేది. ఇక్కడ కిటికీ తెరిస్తే మొక్కజొన్న, దాని వెనకాల సోయా, ఆ వెనకాల మళ్ళీ మొక్కజొన్న. నెలరోజులు ఏడ్చాను. ఆ తర్వాత అక్కడే ముప్పై ఒక్క ఏళ్ళున్నాను. మేమున్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, నువ్వు వెళ్ళేదానికి రెండు కౌంటీల అవతలే, కాబట్టి ఇది గాలి కబురు కాదు.

ముందు పేరు సరిచేసుకో. మీ కౌంటీ బ్యూనా విస్టా. 1847లో మెక్సికో యుద్ధంలో ఆ పేరున్న చోట పెద్ద పోరు జరిగింది, దాన్నిబట్టి పెట్టారు. నువ్వు స్పానిష్ నేర్చుకున్నావు కదా అని "బ్వేనా" అనకు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు "బ్యూనా" అనే అంటారు, లేకపోతే "బీవీ" అని ముక్తసరిగా తేల్చేస్తారు. ఎలివేటర్ అంటే లిఫ్ట్ కాదు, గింజలు నిలవచేసే ఆ ఎత్తైన సిమెంటు గొట్టాలు. డిన్నర్ అంటే ముసలివాళ్ళకి మధ్యాహ్న భోజనం. ఆ లెక్క తెలియక మేం ఒకరింటికి సాయంత్రం ఏడింటికి వెళ్ళాం, వాళ్ళు పన్నెండింటి నుంచీ ఎదురుచూశారు. ఇంకోటి, నువ్వు చేసిన కూర తిని "డిఫరెంట్‌గా ఉంది" అన్నారంటే మళ్ళీ వడ్డించకు.

ఇక మీ లాయరు చెప్పడం మర్చిపోతాడేమోనని నేను చెబుతున్న మాట. అయోవాలో చాలా కౌంటీల్లో డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేది కౌంటీ ట్రెజరర్ ఆఫీసు. కౌంటర్లో ఉన్నామె నవ్వుతూ కళ్ళద్దాలున్నాయా, అవయవదానం చేస్తారా అని వరసగా అడుగుతూ అదే ఊపులో ఓటరుగా నమోదు చేయమంటారా అని కూడా అడగొచ్చు. నువ్వు మొహమాటానికి "సరే" అని సంతకం పెట్టావంటే కొంప మునుగుతుంది. సిటిజన్ కానివాళ్ళు ఆ కాగితం మీద సంతకం పెడితే, తెలియక పెట్టామన్నా, రేపు గ్రీన్‌కార్డు దగ్గర అదే అడ్డొస్తుంది. నేను సిటిజన్‌ని కాను, వద్దు అని తేటగా చెప్పు. పెన్ను పెట్టేముందు ప్రతి గడీ చదువు. ఆమె ఏమీ అనుకోదు, రోజుకి పదిమంది చెబుతారు.

ఓటు లేకపోతే ఊరితో నాకేం పని అనకు. అయోవాలో చాలా కౌంటీల్లో ఆస్పత్రే కౌంటీది, దాని ట్రస్టీలని ఓటర్లు ఎన్నుకుంటారు. అంటే నువ్వు బీపీ మాత్రలు రాసిచ్చిన పెద్దాయనే ఎమ్మారై మెషీను కొనాలా వద్దా అని చెయ్యెత్తే మనిషి కావచ్చు. 99 కౌంటీల రాష్ట్రమది, మీ కౌంటీ మొత్తం జనాభా ఇరవై వేల పైచిలుకు. కిరాణా కొట్లో గుమ్మడికాయ ఏరుకుంటున్నవాడు షెరిఫ్ అయ్యుంటాడు. మన దగ్గర కలెక్టరు ఆఫీసుకి వెళ్ళాలంటే మంచి చీర కట్టుకుని, తెలిసినవాళ్ళ ఉత్తరం పట్టుకుని వెళ్ళేవాళ్ళం. అక్కడ కౌంటీ ఆఫీసులుండే కోర్ట్‌హౌస్‌లోకి చెప్పులు టపటపలాడిస్తూ వెళ్ళిపోవచ్చు. ఆడిటర్ అంటే లెక్కలు చూసేవాడే అనుకునేవు, ఎన్నికలు నడిపేదీ ఆ ఆఫీసే. రికార్డర్ దగ్గర పొలం దస్తావేజులు, జనన మరణాల కాగితాలు, చేపలు పట్టే లైసెన్సూ ఒకే బల్ల మీద దొరుకుతాయి. ఇల్లు కొంటే పన్ను సెప్టెంబరులో సగం, మార్చిలో సగం.

వీళ్ళందరి మీద ఉండేది బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. ముగ్గురో అయిదుగురో ఉంటారు, ఎక్కువగా రైతులు, రిటైరైనవాళ్ళు. వారం వారం పగటిపూట కూర్చుంటారు. చట్టప్రకారం ఎజెండా కనీసం 24 గంటల ముందు గోడకి అంటించాలి, తలుపు తెరిచే ఉంచాలి. సిటిజనా కాదా అని గుమ్మంలో ఎవరూ అడగరు. నీకు సెలవున్న రోజు వెళ్ళి వెనక కుర్చీలో కూర్చో. మొదటిసారే నోరు విప్పకు. ఇది నేను డబ్బు పోసి కాదు గానీ, పరువు పోసి నేర్చుకున్నది.

2005 ప్రాంతంలో మా ఇంటికి అరమైలు దూరంలో ఒకతను పందుల షెడ్డు కట్టడానికి దరఖాస్తు పెట్టాడు. 2,500కి పైగా తలలు. పబ్లిక్ హియరింగ్ అన్నారు. నేను ఇంటర్నెట్లో రాత్రిళ్ళు కూర్చుని వాసన గురించి, ఆస్తమా గురించి, బావి నీళ్ళ గురించి కాగితాలు అచ్చు తీసి, స్టేప్లర్ కొట్టి, లేచి నిలబడి చదివాను. ఒక్కరూ మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక ఛైర్మన్ థాంక్స్ చెప్పి నెమ్మదిగా అన్నాడు: వ్యవసాయం మీద జోనింగ్ అధికారం, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే అధికారం, కౌంటీకి లేదమ్మా, చట్టం తీసేసింది. మా చేతిలో ఉన్నది మార్కుల పట్టిక ఒక్కటే, 880కి 440 వస్తే పాస్. ఈయనకి అంతకంటే ఎక్కువే వచ్చాయి. మేం వద్దని రాసినా చివరి మాట రాష్ట్రానిదే.

దరఖాస్తు పెట్టినతను వెనక వరసలో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మీ పెదనాన్న పేషెంటే. నాకు రెండోవాడు పుట్టిన వారం అతని భార్య కాసరోల్ చేసి మా వరండాలో పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయింది. అతను లేచి ఒకే ముక్క అన్నాడు: రూలు చెప్పిన దూరం కంటే షెడ్డు ఇంకాస్త అవతలికి జరిపాను, డాక్టరు గారి ఇల్లుందని. ఆ సంగతి దరఖాస్తు మూడో పేజీలో ఉంది. ఆ దరఖాస్తు రెండు వారాలుగా కోర్ట్‌హౌస్‌లో ఎవరడిగినా చూపించడానికి సిద్ధంగా ఉంది. నేను లోకంలో ఉన్న కాగితాలన్నీ చదివాను, అదొక్కటి తప్ప.

వాసన అబద్ధం అనుకునేవు. ఆగస్టులో దక్షిణపు గాలి తిరిగితే కిటికీలన్నీ మూసుకునేవాళ్ళం. నా బాధ నిజమే, దాన్ని తీర్చే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు. వెళ్ళాల్సింది డెమోయిన్‌లో శాసనసభకి. ఎవరి చేతిలో ఏముందో కనుక్కోకుండా నోరు చేసుకుంటే మిగిలేది పక్కవాడితో ఎడమొహం పెడమొహం. మాకది కూడా మిగల్లేదు, అతని మంచితనం వల్ల. ఆ జనవరిలోనూ మా దారిలో మంచు తోసింది అతని ట్రాక్టరే. ఎదురుపడితే స్టీరింగ్ మీద నుంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తేవాడు. అదే అక్కడి నమస్కారం. ఎవరు ఎత్తినా నువ్వూ ఎత్తు, తెలిసినవాళ్ళా కాదా అని చూడకు.

ఆ తర్వాత ఏడాదిపాటు ఏ పనీ లేకపోయినా మీటింగులకి వెళ్ళాను. కల్వర్టు గొట్టాలు, గ్రావెల్ రేటు, మెయింటెయినర్ టైర్లు. మెయింటెయినర్ అంటే మట్టిరోడ్డు చదును చేసే బండి, చాలాచోట్ల గ్రేడర్ అంటారు. నిద్రొచ్చేది. కానీ రోడ్డు ఎందుకు బాగుపడదో, ఎవరి మాటకి ఎవరు తలూపుతారో అక్కడే తెలిసింది. ఒకరోజు లైబ్రరీ బోర్డులో ఖాళీ ఉంది, వస్తావా అని ఫోన్ వచ్చింది. రెండేళ్ళు బాయిలర్ గురించే మాట్లాడుకున్నాం. ఆ బాయిలర్ నడుస్తుంటే వచ్చే చప్పుడు నేనిప్పటికీ గుర్తుపట్టగలను. తర్వాత ఎన్నికల రోజు పోలింగ్ దగ్గర కూర్చోమన్నారు, అప్పటికి సిటిజన్‌నే కాబట్టి కూర్చున్నాను. రెండు పార్టీలవాళ్ళనీ పక్కపక్కన వేస్తారు. నా పక్కన ఏళ్ళ తరబడి ఒక రిపబ్లికన్ రైతే. తెల్లవారుజాము నుంచి రాత్రి పదింటి దాకా ఒకే ఫ్లాస్కులో కాఫీ. పంటల గురించి, మోకాళ్ళ గురించి, కోడళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఎవరికి వేశావని ఇద్దరం ఎప్పుడూ అడగలేదు. నీకు ఆ పని ఇప్పుడు కుదరదు గానీ లైబ్రరీలో పిల్లలకి కథలు చదివే పని కుదురుతుంది. చిన్న పని అడుగు, పెద్దది వాళ్ళే తెస్తారు.

అక్కడి పేపరు వేయించుకో, నెట్లో చూస్తాలే అనకు. సూపర్‌వైజర్ల మీటింగులో ఏం జరిగిందో, ఎవరికెంత బిల్లు కట్టారో పేపర్లో అచ్చు వెయ్యాలని చట్టముంది. సన్నటి అక్షరాలు, కానీ నేను కథలు చదివినట్టు చదివేదాన్ని. స్టార్మ్ లేక్ పేపరు సంగతి మరీ గొప్పది. 2015లో డెమోయిన్ నీటి సంస్థ మీ కౌంటీతోపాటు శాక్, కాల్హౌన్ కౌంటీల మీద దావా వేసింది. పొలాల కింద టైల్ గొట్టాలుంటాయి, చిత్తడి నేల ఆరడానికి. ఆ నీళ్ళు బయటికి పోయే ఏర్పాటు చూసే డ్రైనేజీ డిస్ట్రిక్టులకి ట్రస్టీలు సూపర్‌వైజర్లే. పొలాల్లోని నైట్రేట్ ఆ గొట్టాల్లోంచి రకూన్ నదిలోకి వస్తోంది, శుభ్రం చేసే ఖర్చు మాకెందుకు అన్నది పట్నం వాదన. కౌంటీల తరఫున లాయర్ల ఫీజు ఎవరు కడుతున్నారు అని స్టార్మ్ లేక్ టైమ్స్ అడిగింది. వ్యవసాయ వ్యాపార వర్గాల డబ్బని తేలింది. ఆ సంపాదకీయాలకి ఆర్ట్ కల్లెన్‌కి 2017లో పులిట్జర్ వచ్చింది. వారానికి రెండుసార్లు వచ్చే పల్లెటూరి పేపరు! దావాని అదే ఏడాది కోర్టు కొట్టేసింది. పేపరు 2022లో పక్క పేపరుతో కలిసి టైమ్స్ పైలట్ అయింది. నీళ్ళ మాట మాత్రం క్లినిక్‌లో నువ్వుగా ఎత్తకు, మొదటి ఏడాది. నీ ఎదురుగా కూర్చున్నవాడి పొలం కింద టైల్ ఉంటుంది, నీ కుళాయిలో నీళ్ళూ ఆ నేలవే.

నువ్వు నాలాగా ఒంటరి గోధుమరంగు మొహానివి కావులే. స్టార్మ్ లేక్‌లో పంది మాంసం, టర్కీ ప్లాంట్లున్నాయి, వాటి పనికోసం లోకమంతా అక్కడికొచ్చింది. 1975లో గవర్నర్ రాబర్ట్ రే లావోస్ వైపు నుంచి పారిపోయి వచ్చిన తాయ్ డామ్ అనే తెగవాళ్ళని అయోవాకి రమ్మన్నాడు, ఆ తర్వాత లావో వాళ్ళు, మెక్సికో వాళ్ళు, మధ్య అమెరికా వాళ్ళు, పసిఫిక్ దీవులవాళ్ళు. ఊళ్ళో స్పానిష్ వినిపిస్తుంది, కాస్త దూరం వెళ్తే న్యూవెల్, ఆల్టా, మారథాన్‌లలో స్వీడన్, జర్మనీ ఇంటిపేర్లు. నీ పేషెంట్లు రెండు వైపుల వాళ్ళూను. ఒక వైపు దగ్గర కూర్చుని రెండో వైపు మీద జోకులకి నవ్వకు, అంతే.

జూలైలో ఆల్టాలో కౌంటీ ఫెయిర్. ఆ వారం డ్యూటీ మార్చుకునైనా వెళ్ళు. ఫోర్-హెచ్ అని పిల్లల సంఘం, పన్నెండేళ్ళ పిల్లాడు ఏడాదంతా పెంచిన దూడని తెచ్చి కడిగి, బ్లోయర్‌తో ఆరబెట్టి, తోక చివర వెంట్రుకలు దువ్వి గుండ్రంగా ముడేస్తాడు. మన పెళ్ళికూతురికి కూడా అంత ఓపిగ్గా జడెయ్యరు. చివరిరోజు వేలం. మేం తినని మాంసానికి వేలం ఏమిటని నేను వెనక్కి లాగితే మీ పెదనాన్న కనుక్కొచ్చారు. ప్రీమియం మాత్రం కట్టొచ్చట, అంటే పిల్లాడికి మార్కెట్ ధర మీద అదనంగా ఇచ్చే డబ్బు, పశువు మనింటికి రాదు. ఏటా ఒక పిల్లాడికి కట్టేవారు. తర్వాతి వారం వాడు అమ్మతో వచ్చి కుకీల డబ్బా, చేత్తో రాసిన థాంక్యూ కార్డు ఇచ్చి వెళ్ళేవాడు. కార్డులన్నీ నా దగ్గరున్నాయి. లారీ ఎక్కించేటప్పుడు మాత్రం నేను అక్కడ నిలబడలేదు. ఒకసారి కొట్టం వెనక దూడ మెడ పట్టుకుని ఏడుస్తున్న పిల్లాణ్ణి చూశాక అటు వెళ్ళడం మానేశాను.

టౌన్‌షిప్ ట్రస్టీలని ఇంకో రకం ఉంటారు. శ్మశానం గడ్డి కోయించడం, ఫైర్ సర్వీసు ఏర్పాటు, గట్టు తగాదాలు వాళ్ళ పని. కంచె ఎవరు కట్టాలని ఇద్దరు రైతులు పోట్లాడుకుంటే ముగ్గురూ వెళ్ళి నిలబడి చూసి చెబుతారు. మీ తాతయ్య చేసిన పనే, జీతం కూడా దాదాపు అంతే. ఫైర్ డిపార్ట్‌మెంటులో ఎక్కువమంది వాలంటీర్లు. వాళ్ళు పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెడితే తిని, డబ్బాలో ఇరవై డాలర్లెయ్యి. అర్ధరాత్రి నీ ఎమర్జెన్సీకి మనిషిని మోసుకొచ్చేది పొద్దున టైర్లు అమ్మినవాడే.

చివరికి వంట. ఎవరింట్లో చావు జరిగినా, చర్చిలో సప్పర్ పెట్టినా ఒక గిన్నె పట్టుకెళ్ళు. నిమ్మకాయ పులిహోర తీసుకెళ్ళు, పచ్చిమిరపకాయలు ఏరేసి, పల్లీలు ఉన్నాయని చీటీ పెట్టి. గిన్నె అడుగున మాస్కింగ్ టేపు అంటించి దానిమీద నీ పేరు రాయి, అక్కడ అందరూ అలాగే చేస్తారు. నేను 1998లో అది తెలియక మా అమ్మ ఇచ్చిన స్టీలు గిన్నె పట్టుకెళ్ళాను. అది ఇప్పటికీ ఆ లూథరన్ చర్చి వంటింట్లో సింకు పక్కన కింది అరలో ఉంది, పోయినసారి వెళ్ళినప్పుడు చూశాను, అందులో స్పాంజీలు పెట్టుకున్నారు. అడగడానికి మొహమాటమేసింది. అటువైపు వెళ్తే నువ్వు అడిగి తెచ్చిపెట్టు.

పెద్దమ్మ