టెక్ సందేహాలు: రాళ్ల టంబ్లర్‌కు వైఫై ప్లగ్గు

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ప్రాణహిత ఒడ్డున ఏరిన అగేటు రాళ్లకు మెరుగు పెట్టాలని ఉంది సార్. రాళ్లను డబ్బాలో వేసి అరగదీసే టంబ్లర్ యంత్రాల్లో గిరగిరా తిరిగేది కొనాలా, అదిరే రకం కొనాలా? ఊళ్లో లేనప్పుడు ఫోన్ నుంచే ఆపేలా వైఫై ప్లగ్గు పెడితే సరిపోతుందా?

జవాబు: తిరిగే రకమే కొనండి. అదిరేది పని త్వరగా ముగిస్తుంది కానీ రాయి ఆకారాన్ని పెద్దగా మార్చదు. మీ రాళ్ల మీది గుంటలు పోవాలంటే సిలికాన్ కార్బైడ్ అనే అరగదీసే పొడిలో ముతక రకంతో వారం, ఒక్కోసారి అంతకు మించి తిరగాల్సిందే. ఆ తర్వాత ఇంకా మూడు దశలుంటాయి, మొత్తం నెల పైమాటే. డబ్బా రబ్బరుదై ఉండాలి. పిల్లల కోసమంటూ అమ్మే ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుంటే రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మూడింట రెండు వంతులకు తగ్గకుండా నింపండి. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలులో అగేటు కాఠిన్యం దాదాపు 7, కాల్సైటు అనే మెత్తటి రాయిది 3. రెండూ కలిపి వేస్తే మెత్తది అరిగిపోతుంది.

ఇక ప్లగ్గు. మిక్సీకి, మోటారుకు, దేవుడి గదిలో దీపానికి కూడా వైఫై ఎందుకని అడిగి అడిగి విసిగిపోయాను. డబ్బా ఇరుక్కుని మోటారు కాలిపోతున్నా చవక ప్లగ్గు మీ ఫోన్‌కు చెప్పేది ‘ఆన్‌లో ఉంది’ అనే. కరెంటు పోయి వచ్చాక కొన్ని ఆగిపోతాయి, కొన్ని వాటంతటవే మొదలవుతాయి. ఒక మోటారును ఆపడానికి కాంటాక్టులు, మైకు అడిగే యాప్‌ను నేనైతే ఫోన్‌లోకి రానివ్వను. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, రూటర్లలో లక్షల సంఖ్యలో దూరింది. వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోకుండా చేశారు. అయినా అమ్మి చేతులు దులుపుకుని, ఒక్క అప్‌డేటూ ఇవ్వని ప్లగ్గులు ఇప్పటికీ దుకాణాల్లో ఉన్నాయి. కొనే తీరాలనుకుంటే రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఇచ్చే వైఫై) తెరిచి దానికే కలపండి. బ్యాంకు పనులు చూసుకునే ఫోన్ ఉన్న నెట్‌వర్క్‌లో మాత్రం వద్దు.

అన్నట్టు, దూరం నుంచి ఆపితే ఇంకో తంటా ఉంది. రోజుల తరబడి కదలకుండా ఉంటే లోపల నీళ్లు, పొడి, రాతి అరుగు కలిసిన బురద సిమెంటులా బిగుసుకుంటుంది. ఊరు వెళ్లే ముందే డబ్బా ఖాళీ చేసి రాళ్లు కడిగి పెట్టండి. ఆ బురదను సింకులో మాత్రం పోయకండి, గొట్టం మూసుకుపోతుంది.